కారుకూ ఒక చిట్టా కావాలి

ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కళ్లం దగ్గరే ధర తగ్గించమని పట్టుబట్టే వర్తకుడూ, కొబ్బరికాయల లెక్కలో తేడా కనిపిస్తే రాశి మొత్తం తిరిగి లెక్కించమనే దళారీ, తమ కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తున్నదని అడిగితే తడుముకోవడం ఉభయ గోదావరి జిల్లాల మార్కెట్లలో పరిపాటి. “పదిహేనో, పదహారో వస్తుంది” అన్న సమాధానమే తరచు వినవస్తుంది. సరుకు ధర చెప్పేటప్పుడు ఇదే ధోరణిలో “రెండు వేలో, రెండు వేల రెండొందలో” అనే మనిషితో ఏ వర్తకుడూ బేరానికి కూర్చోడు. కాని కారు విషయంలో మాత్రం ఆ వర్తకుడే ఉజ్జాయింపు లెక్కతో సరిపెట్టుకుంటున్నాడు.

కమీషను మీద నడిచే వ్యాపారంలో రాబడి ఇంతని ముందే తెలిసి ఉంటుంది. ఖర్చు మాత్రం అలా కాదు. రావులపాలెం అరటి మార్కెట్టు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు, మండపేట మిల్లులు, తాడేపల్లిగూడెం ఉల్లి, బెల్లం కొట్లు, భీమవరం రొయ్యల చెరువులు - ఇలా తిరిగే దళారికి రోజుకు 80, 100 కిలోమీటర్లు పెద్ద దూరం కాదు. నెల తిరిగేసరికి అది 2,000 కిలోమీటర్లు దాటుతుంది. ఇంటి ఖర్చులో కలిసిపోవడం వల్ల ఈ ఖర్చు కంటికి ఆనదు గాని, నిజానికి అది వ్యాపారపు ఖర్చే, దళారీలో నుంచి పోయే తరుగే.

చమురు ధర వర్తకుని చేతిలో ఎన్నడూ లేదు. 1973 అక్టోబరులో అరబ్ - ఇజ్రాయెల్ యుద్ధం వచ్చినప్పుడు పీపా ముడి చమురు సుమారు 3 డాలర్ల నుంచి 1974 జనవరి నాటికి 12 డాలర్ల దరిదాపులకు పోయింది. అంతటి అమెరికా కూడా ఆ నెలలోనే రహదారులపై వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితం చేసింది. ఇక్కడ పెట్రోలియం పొదుపు పరిశోధన సంస్థ 1978లో ఏర్పడింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. 2017 జూన్ 16 నుంచి పెట్రోలు, డీజిల్ ధరలను ఏ రోజుకారోజు సవరించే పద్ధతి దేశమంతటా వచ్చింది. ఇన్ని మార్పులలోనూ మారని సంగతి ఒక్కటే. ధరను నిర్ణయించేవారు వేరు, లీటరుతో ఎంత దూరం పోవాలో నిర్ణయించేది మాత్రం స్టీరింగు పట్టుకున్న మనిషీ, అతనికి జీతమిచ్చే యజమానీ.

యానాం లెక్క

ఇంధనం ఖర్చు మాట వస్తే గోదావరి డెల్టాలో ముందుగా వినిపించే పేరు యానాం. అది పుదుచ్చేరి పాలనలోనిది గనుక పన్ను తక్కువ, అందువల్ల పెట్రోలు, డీజిల్ చుట్టుపక్కల ఆంధ్ర ప్రాంతం కంటే చౌక. 2002లో యానాం - ఎదుర్లంక వంతెన వచ్చిన తరువాత అమలాపురం, కాకినాడల మధ్య తిరిగే వాహనాలకు అది దారిలో పంపు అయింది. దారిన పోతూ అక్కడ ట్యాంకు నింపుకోవడం తెలివైన పనే. కాగా చౌక కోసమే పని పెట్టుకుని యానాం వెళ్లి వచ్చేవారూ లేకపోలేదు. వారి లెక్క ఒకసారి వేసి చూడవలసి ఉంది.

లీటరు ఇక్కడ 100 రూపాయలనీ, యానాంలో 90 రూపాయలనీ లెక్క సులువు కోసం అనుకుందాం. కాకినాడ నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు, రానుపోను 60. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారుకు 4 లీటర్లు కావాలి. యానాం ధరకే లెక్క కట్టినా 360 రూపాయలు. అక్కడ 35 లీటర్లు పోయించుకుంటే మిగిలేది 350. అంటే చౌక సరుకు కోసం వెళ్లి 10 రూపాయలు ఎదురిచ్చి రావడమే. పోయిన రెండు గంటల పొద్దూ, అరిగిన టైర్లూ ఇందులో కలపలేదు.

అదే కారు నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే 133 లీటర్లు పడుతుంది. మైలేజీ 15 నుంచి 17కు పెరిగితే 118 లీటర్లు చాలు. మిగిలేది 15 లీటర్ల పైచిలుకు, సుమారు 1,570 రూపాయలు. ఏడాదికి 18,800 దాకా. ఆ నెలకు కావలసిన 133 లీటర్లూ దారి ఖర్చు లేకుండా యానాంలోనే దొరికినా మిగిలేది 1,330 రూపాయలే. పన్ను తక్కువ ఉన్న ఊరు ఇచ్చే లాభం కంటే రెండు కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే లాభం ఎక్కువ. పైపెచ్చు ఇది కాకినాడ, అమలాపురం వారికే పరిమితం కాదు. నిడదవోలు వర్తకునికీ, పాలకొల్లు వర్తకునికీ సమానంగా అందుతుంది.

తొందర ఎవరిది?

మైలేజీ పడిపోతే డ్రైవరు మీద నెపం వేయడం యజమానులకు అలవాటు. కాని “పది గంటలకు పాట మొదలవుతుంది, తొమ్మిదిన్నరకే అక్కడుండాలి” అని తొమ్మిదింటికి బయలుదేరదీసేది యజమానే. ఆ అరగంట ఆలస్యాన్ని డ్రైవరు డీజిల్‌తో పూడుస్తాడు.

రాజమండ్రి నుంచి విజయవాడ సుమారు 150 కిలోమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గంటన్నర, 80తో సుమారు గంటా 52 నిమిషాలు. తేడా 22 నిమిషాలు. టోలుగేట్లు, ఊళ్లు, పక్కదారుల నుంచి వచ్చి కలిసే ట్రాక్టర్లు లెక్కలోకి తీసుకుంటే నిజంగా కలిసివచ్చేది అంతకంటే తక్కువ. ఇందుకు చెల్లించే మూల్యం మాత్రం తక్కువ కాదు. గాలి ఎదురొత్తిడి వేగంతో సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే వేగం పెరిగేది నాలుగోవంతు, గాలి ఒత్తిడి పెరిగేది సగానికి పైగా, అంటే 56 శాతం. పొదుపు సంస్థ వారు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మంచిదని ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నారు. జాతీయ రహదారిపై ఆ వేగం అందరికీ సాధ్యపడకపోవచ్చు గాని, 80 దగ్గర నిలుపుకోవడానికి అడ్డేమీ లేదు.

అరటి, పూలు, రొయ్యలు నిలవ ఉండే సరుకులు కావు, గంట ఆలస్యమైతే ధర పోతుంది, అలాంటప్పుడు డీజిల్ లెక్క చూసుకుంటూ కూర్చుంటే ఎలా అనే వర్తకులున్నారు. సరుకు బండి విషయంలో ఈ వాదన కొంత సబబే. వర్తకుని కారులో మాత్రం సరుకు ఉండదు, వర్తకుడు ఉంటాడు. ధరవరలు ఇప్పుడు ఫోనులో నిమిషాల మీద తెలుస్తున్నాయి. కబురు మనిషి వెంట రావలసిన రోజుల నాటి తొందర, కబురు చేతిలోనే ఉన్న రోజుల్లో కూడా కొనసాగడం కేవలం అలవాటు. 20 నిమిషాలు ముందు బయలుదేరడానికి లీటరు కూడా ఖర్చు కాదు.

గట్టు రోడ్ల మీద

డెల్టాలో రహదారి ప్రయాణం కొంతే. మిగిలినదంతా కాలువ గట్లను అంటిపెట్టుకుని పోయే రోడ్లు. నేల బల్లపరుపు గనుక ఎత్తులెక్కే భారం లేదు, మైలేజీకి ఇది అనుకూలం. కాని లాకుల దగ్గర మలుపులు, ఇరుకు వంతెనలు, కొబ్బరి తోటల్లోంచి హఠాత్తుగా బయటపడే సైకిళ్లు, దాళ్వా కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం - ఇవన్నీ బ్రేకు పని పెంచుతాయి. బ్రేకు మీద కాలు పడిన ప్రతిసారీ, అంతవరకు ఇంధనం కాల్చి తెచ్చుకున్న వేగం వేడిగా మారి గాలిలో కలుస్తుంది. మళ్లీ ఆ వేగం తెచ్చుకోవడానికి మళ్లీ ఇంధనం కావాలి.

కాబట్టి గట్టు రోడ్ల మీద పొదుపు అంటే దూరం చూసి నడపడమే. మలుపు కనిపించిన వెంటనే యాక్సిలరేటరు మీద కాలు తీసి, బండిని గేరులోనే దానంతటదే తగ్గనిచ్చే డ్రైవరుకూ, మలుపు దాకా తొక్కి అక్కడ బ్రేకు వేసే డ్రైవరుకూ మైలేజీలో గణనీయమైన తేడా ఉంటుంది. దూకుడుగా నడిపితే రహదారిపై 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే దారుల్లో 10 నుంచి 40 శాతం వరకు మైలేజీ పడిపోవచ్చునని అమెరికా ఇంధన శాఖ అంచనా. ఇందులో తక్కువ అంకెలనే తీసుకున్నా, పైన చెప్పిన 15 నుంచి 17 అనే లెక్క అసాధ్యమైనదేమీ కాదు.

పెద్ద వంతెనల నుంచి దిగేటప్పుడు న్యూట్రల్ వేసి వదిలేయడం పొదుపని కొందరు డ్రైవర్ల నమ్మకం. కార్బురేటరు బండ్ల కాలం నాటి అలవాటు ఇది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండగా కాలు తీస్తే ఇంధనం రావడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజను ఆరిపోకుండా ఉండేందుకు కొంత ఇంధనం పడుతూనే ఉంటుంది. బండి పట్టు తప్పే ప్రమాదం అదనం.

నిలిచిన బండికీ మేత

రైల్వేగేటు పడినప్పుడు, మిల్లు కాటా దగ్గర, మార్కెట్ యార్డు బయట ఇంజను ఆపకుండా నిలిపిన కార్లు ఈ ప్రాంతంలో నిత్యం కనిపించే దృశ్యం. యజమాని లోపల బేరం చేస్తుంటే డ్రైవరు ఏసీ వేసుకుని కునుకు తీస్తాడు. నిలిచిన కారు గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు తాగుతుంది, ఏసీ నడిస్తే ఇంకా ఎక్కువ. రోజుకు అలాంటి గంట ఒకటి ఉంటే నెలకు 15 నుంచి 30 లీటర్లు కిలోమీటరు కూడా కదలకుండానే ఖర్చు. వేసవిలో డ్రైవరును ఎండలో కూర్చోబెట్టమని ఎవరూ చెప్పరు. బండిని నీడలో పెట్టి, అతనికి లోపల ఒక కుర్చీ చూపించడం యజమాని చేయదగిన పని. రహదారిపై చాలాసేపు వేగంగా వచ్చిన టర్బో డీజిల్ బండిని మాత్రం ఆపేముందు అర నిమిషం, నిమిషం ఊరికే తిరగనివ్వడం ఇంజనుకు మంచిది.

కారు డిక్కీ చిన్న గిడ్డంగి కావడం మరొక ఆచారం. బియ్యం నమూనాల సంచులు, ఎవరో ఇచ్చిన కొబ్బరికాయల బస్తా, మరిచిపోయిన అరటి గెల నెలల తరబడి ఊరేగుతుంటాయి. 45 కిలోల అదనపు బరువుకు మైలేజీ సుమారు 1 శాతం తగ్గుతుందని లెక్క. చిన్న అంకే గాని, ఖర్చు లేకుండా దించుకోగల బరువు.

గాలి, ఆయిలు, బ్రేకులు

తేమ కొలిచే మీటరు ప్రతి ధాన్యం కొట్లోనూ ఉంది. టైరు గాలి కొలిచే మీటరు కారులో ఉన్న వర్తకులు అరుదు. గాలి నాలుగోవంతు తగ్గితే ఇంధనం 5 నుంచి 10 శాతం ఎక్కువ అవుతుందని పొదుపు సంస్థ వారు చెబుతారు. ఒక్కొక్క పౌండు తగ్గుదలకు 0.2 శాతమేనని అమెరికా ఇంధన శాఖ లెక్క. రెంటిలో చిన్నదాన్నే పట్టుకోవడం వర్తకునికి క్షేమం. ఆ లెక్కనైనా 33 పౌండ్లు ఉండవలసిన చోట 25 ఉంటే 1.6 శాతం పోతుంది, టైరు అంచులు అరిగిపోవడం దానికి అదనం. గాలి ఉదయాన్నే, బండి తిరగకముందు చూడాలి. తిరిగి వేడెక్కిన టైరు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అచ్చువేసి ఉంటుంది, పంక్చరు షాపులో అడగనక్కరలేదు.

ఆయిలు విషయంలో “చిక్కటిదైతే ఇంజనుకు బలం” అన్న మాట షెడ్లలో ఇప్పటికీ వినవస్తుంది. కంపెనీ చెప్పిన రకం కాక వేరొకటి పోస్తే 1, 2 శాతం మైలేజీ పోతుంది. ఎయిర్ ఫిల్టరు సంగతి కొంత భిన్నం. అంబాసిడర్లు, పద్మినీలు తిరిగిన రోజుల్లో ఫిల్టరు మూసుకుంటే పెట్రోలు మండిపోయేది. కంప్యూటరుతో నడిచే ఇప్పటి ఇంజన్లు వచ్చే గాలికి తగినట్లు ఇంధనాన్ని తామే తగ్గించుకుంటాయి. 2009లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల పరీక్షల్లో కొత్త కార్ల మైలేజీ మురికి ఫిల్టరు వల్ల చెప్పుకోదగినంత తగ్గలేదని తేలింది, తగ్గింది పికప్పు. అయినా మిల్లుల ఊక దుమ్ములో తిరిగే బండికి ఫిల్టరు దులిపించడం మానరాదు. పికప్పు తగ్గితే డ్రైవరు ఎక్కువ తొక్కుతాడు. ఇంజను దీపం వెలిగితే మాత్రం వారాల తరబడి వాయిదా వేయరాదు. ఆక్సిజన్ సెన్సరు వంటిది చెడితే పోయే మైలేజీ మిగిలినవన్నీ కలిపినదానికంటే ఎక్కువ కావచ్చు.

నరసాపురం, భీమవరం వైపు ఉప్పు గాలిలో, చెరువుల తేమలో తిరిగే బండ్లకు బ్రేకులు పట్టేసే జబ్బు ఉంది. కొద్ది దూరం నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తే, ఒక చక్రం మిగిలినవాటికంటే సెగ కక్కుతున్నదా లేదా తెలిసిపోతుంది. అలాంటి బండి బ్రేకు వేసుకునే నడుస్తున్నదన్నమాట.

ఇకపోతే మైలేజీ పెంచుతామంటూ అమ్మే అయస్కాంతాలు, బిళ్లలు, సీసా మందుల జోలికి పోకపోవడమే మేలు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించి, పనికివచ్చినవి బహు కొద్ది అని, వాటి లాభమూ స్వల్పమేనని తేల్చింది. నమూనా చూడకుండా సరుకు కొనని వర్తకుడు ఈ సీసాలను మాత్రం మాట మీద కొనడం వింతే.

నూకలే పెట్రోలులో

పెట్రోలు కార్లవారు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపాలన్న లక్ష్యం 2025లో నెరవేరింది. చెరకుతో పాటు బియ్యం, నూకలు, మొక్కజొన్నల నుంచి కూడా ఇథనాలు తీస్తున్నారు. అంటే డెల్టా వర్తకుడు అమ్మే సరుకులో కొంత తిరిగి కార్ల ట్యాంకులలోకే చేరుతున్నదన్నమాట. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడోవంతు తక్కువ. అందువల్ల పాత పద్ధతి ఇంజన్లలో మైలేజీ కొన్ని శాతం తగ్గడం సహజం. నూకల గిరాకీ పెరిగిందని సంతోషించిన వర్తకుడే మైలేజీ తగ్గిందని మెకానిక్‌ను నిందించడం న్యాయం కాదు. నాలుగేళ్ల కిందటి అంకెతో నేటి అంకెను పోల్చడం కూడా తగదు. లెక్క కొత్తగా మొదలుపెట్టవలసిందే.

చిట్టా ఎలా?

ఇందుకు కావలసినది అర ఠావు పుస్తకం. ట్యాంకు నిండా పోయించిన రోజు మీటరు అంకె రాసుకోవాలి. మళ్లీ నిండా పోయించినప్పుడు మీటరు అంకె, పట్టిన లీటర్లు రాయాలి. నడిచిన దూరాన్ని లీటర్లతో భాగిస్తే మైలేజీ. వీలైతే ఒకే పంపులో, పంపు తనంతట తాను ఆగిన చోటే ఆపించాలి. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకూడదు, మూడు నాలుగు ట్యాంకుల సగటు చూడాలి. కారులో తెర చూపించే అంకె ఆనవాలుకు పనికివస్తుంది గాని, ఖాతాకు పనికిరాదు.

సగటు తెలిసిన తరువాత ఒక్కొక్క మార్పే చేయడం మంచిది. మొదటి నెల గాలి, రెండో నెల వేగం, మూడో నెల నిలిచిన చోట ఇంజను ఆపడం. ఏది ఎంత మిగిల్చిందో పుస్తకమే చెబుతుంది. సగటు అకారణంగా పడిపోతే బండిలో జబ్బు ఉన్నదని మెకానిక్ కంటే ముందే పుస్తకం చెబుతుంది. బంకు బిల్లులో తేడాలుంటే అవీ అక్కడే బయటపడతాయి.

మిగిలిన దానిలో సగం డ్రైవరుకు ఇవ్వడం న్యాయమే గాక, లాభసాటి కూడా. పొదుపంతా యజమానికి, తిట్లన్నీ డ్రైవరుకు అయిన చోట ఏ పద్ధతీ రెండు నెలలకు మించి నిలవదు. నెలకు ఏడెనిమిది వందలు చేతికి వస్తుందని తెలిసిన డ్రైవరు గాలి తానే చూపించుకుంటాడు, గేటు దగ్గర ఇంజను తానే ఆపుతాడు. అలాంటి ఏర్పాటు చేసిన యజమాని మాత్రం “త్వరగా పోనీ” అన్న మాట తానే మానుకోవాలి. రెండూ ఒకేసారి అడిగే హక్కు ఎవరికీ లేదు.

ముడి చమురు రేపు ఎటు పోతుందో పెద్ద పెద్ద మార్కెట్లకే అంతుపట్టదు. దానిమీద అంచనాలు కట్టి వాదులాడుకునే పొద్దులో పదో వంతు ఈ పుస్తకానికి కేటాయిస్తే, ధర పెరిగిన నెలలో దెబ్బ తక్కువగానూ, తగ్గిన నెలలో లాభం ఎక్కువగానూ ఉంటుంది. వచ్చే ట్యాంకుతోనే ఈ లెక్క మొదలుపెట్టడం వర్తకులకు శ్రేయస్కరం.